సుఖాన్ని వెదికితే బతుకు నిండుతుందా? చిక్కుపడిన ఒక పాత ప్రశ్న

ఐక్యరాజ్యసమితి 2012లో మార్చి 20వ తేదీని అంతర్జాతీయ ఆనంద దినోత్సవంగా ప్రకటించింది. కొన్నేళ్ళుగా ఏటా ఆ రోజుకు అటూ ఇటూగా ప్రపంచ ఆనంద నివేదిక వార్తల్లోకి రావడం, హైదరాబాద్‌లో ఇళ్ళలోనూ కార్యాలయాల్లోనూ ఒకే వాదన మళ్ళీ మొదలు కావడం ఆనవాయితీ అయింది. 2025 నివేదికలో 147 దేశాలకు గాను భారతదేశానిది 118వ స్థానం. 2018 నుంచి 2025 దాకా వరుసగా ఎనిమిదిసార్లు ఫిన్లాండ్‌ది మొదటి స్థానం. శుక్రవారం రాత్రి మాదాపూర్, గచ్చిబౌలి వీధులనూ, రంజాన్ నెలలో పాతబస్తీనీ చూసినవారు, ఇంత తిని, ఇంత తిరిగి, ఇంత కొనుక్కునే మనుషులు అంత దిగువన ఎలా ఉంటారని ఆశ్చర్యపోతారు. అదే ఇంట్లో మరొకరు, భోగాల వెంట పరుగెత్తడం వల్లనే ఈ గతి పట్టిందని అంటారు.

ఈ ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఆ స్థానాలను నిర్ణయించే ప్రశ్నలో సుఖం ప్రస్తావనే లేదు. అట్టడుగున సున్నా, పైన పది ఉన్న ఒక నిచ్చెనను ఊహించుకోమంటారు. పై మెట్టు మీకు సాధ్యమైన అత్యుత్తమ జీవితం, కింది మెట్టు అత్యంత హీనమైన జీవితం. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారని అడుగుతారు. మూడేళ్ళ జవాబుల సగటును బట్టి దేశాలను వరుసలో పెడతారు. నిన్న నవ్వారా, దిగులుపడ్డారా అన్న ప్రశ్నలు కూడా ఆ సర్వేలో విడిగా ఉంటాయి గాని, స్థానం నిర్ణయించడంలో వాటికి పాత్ర లేదు. అంటే వార్తలో ఆనందం అని వచ్చిన మాటకు అసలు అర్థం, మనిషి తన బతుకు మొత్తానికి తానే వేసుకున్న మార్కు.

ఒక గిన్నె హలీమ్‌లో నాలుగు సంగతులు

తెలుగులో సుఖం అన్న మాట మోసే బరువు చాలా పెద్దది. చెప్పు కరవకపోవడం సుఖమే, నిద్ర పట్టడం సుఖమే. పుట్టింటికి వచ్చిన కూతురిని తల్లి "సుఖంగా ఉన్నావా అమ్మా?" అని అడిగినప్పుడు మాత్రం ఆమె అడుగుతున్నది నిచ్చెన ప్రశ్నకు దగ్గరగా ఉండే ప్రశ్న, ఇంకా చెప్పాలంటే దానికంటే లోతైన ప్రశ్న. ఒకే మాట ఇన్ని పనులు చేస్తున్నందువల్ల, సుఖాన్ని వెదికితే జీవితం నిండుతుందా అని అడిగినప్పుడు ఎవరికి తోచిన అర్థంలో వారు జవాబు చెబుతారు.

రంజాన్ నెలలో ఒక సాయంత్రాన్ని తీసుకుందాం. పగలంతా ఉపవాసం ఉన్న మనిషికి ఇఫ్తార్ తరువాత నోట్లో పడిన మొదటి ముద్ద హలీమ్ రుచి సుఖం. అది ఆ క్షణానిది, శరీరానికి తెలిసేది. మధ్యాహ్నం నాలుగు గంటలకు వీధి చివరి భట్టీ నుంచి వాసన వచ్చినప్పుడు లోపల కదిలినది కోరిక. అది సుఖం కాదు, సుఖం వైపు లాగే బలం. భోజనం ముగిశాక, ఈ ఏడు కూడా ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోగలిగాం అని ఆ మనిషి అనుకుంటే అది సంతృప్తి, అంటే బతుకును దూరం నుంచి చూసి వేసుకున్న లెక్క. ఇక గంటల తరబడి కట్టెల సెగ ముందు నిలబడి, పెద్ద చెక్క కోలతో గోధుమనూ మాంసాన్నీ మెత్తగా దంచిన వంటవాడు ఉన్నాడు. దంచుతున్నప్పుడు అతని భుజాలకు నొప్పి, కళ్ళకు పొగ. అయినా, వందల మంది ఉపవాసం విడిచాక తన చేతి వంట తింటారన్న ఎరుక అతని శ్రమకు ఒక అర్థాన్ని ఇస్తుంది. దానిని సార్థకత అందాం.

ఈ నాలుగూ తరచు కలిసే వస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. అవి విడిపోయే సందర్భాల్లోనే అసలు ప్రశ్న మొదలవుతుంది.

సుఖవాదులు నిజంగా చెప్పినదేమిటి

సుఖం ఒక్కటే తనంతట తానుగా మంచిదనీ, డబ్బు, పేరు, చదువు, స్నేహం వంటివన్నీ అది కలిగించినంత మేరకే మంచివనీ చెప్పే వాదాన్ని సుఖవాదం అంటారు. మన దేశంలో ఈ వాదం పేరెత్తగానే చార్వాకులు గుర్తుకు వస్తారు. బతికినంత కాలం సుఖంగా బతుకు, అప్పు చేసైనా నెయ్యి తాగు అన్న శ్లోకం వారిదని చెబుతారు. ఆ శ్లోకం మనకు ఎలా అందిందన్నది మరచిపోకూడదు. చార్వాకుల సొంత గ్రంథాలు దాదాపుగా మిగలలేదు. 14వ శతాబ్దపు మాధవాచార్యుని సర్వదర్శన సంగ్రహంలోనూ అటువంటి ఇతర గ్రంథాల్లోనూ, ఖండించడానికి చెప్పిన మాటలుగానే వారి వాదం మనకు దొరుకుతోంది. ఎదుటి పక్షం వకీలు చెప్పిన కథనాన్ని మాత్రమే విని తీర్పు ఇవ్వడం ఎంత న్యాయమో, ఆ ఒక్క నెయ్యి మాటతో చార్వాకులను కొలవడం అంతే న్యాయం.

గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్‌కు (క్రీస్తుపూర్వం 341–270) జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. ఆయన పేరు నుంచి పుట్టిన విశేషణం ఇప్పుడు విందు భోజనాలకు పర్యాయపదమైంది. ఏథెన్స్‌లోని తన తోటలో, ఆడవారినీ బానిసలనూ కూడా చేర్చుకుని, రొట్టె, నీళ్ళతో జీవించిన ఆయన, కొంచెం జున్ను పంపితే ఎప్పుడైనా విందు చేసుకుంటానని ఒక మిత్రునికి రాశాడు. సుఖమే పరమార్థమని ఆయన నమ్మిన మాట నిజం. అయితే ఆయన లెక్కలో అత్యున్నతమైన సుఖం శరీరంలో నొప్పి, మనసులో కలత లేకపోవడం. కోరికలను ఆయన మూడుగా విడదీశాడు. ఆకలి తీరడం వంటివి సహజం, అవసరం. రకరకాల పిండివంటలు సహజమే గాని అవసరం కాదు. అంతులేని సంపద, కీర్తి సహజమూ కావు, అవసరమూ కావు. ఈ లెక్కన సుఖాన్ని వెదకడమంటే కోరికలను తగ్గించుకోవడమే అవుతుంది. సుఖవాదమంటే విచ్చలవిడితనం అని అనుకునేవారికి ఇది వింతగా తోచవచ్చు.

ఒక శనివారం సాయంత్రపు లెక్క

ఇంగ్లాండుకు చెందిన తత్త్వవేత్త జెరిమీ బెంథామ్ 1789లో ప్రచురించిన గ్రంథంలో సుఖాన్ని తూచడానికి ఏడు కొలతలు చెప్పాడు. సుఖం ఎంత తీవ్రమైనది, ఎంతసేపు ఉంటుంది, ఎంత ఖాయం, ఎంత దగ్గరలో ఉంది, మరిన్ని సుఖాలకు దారి తీస్తుందా, వెనుక బాధను తీసుకు రాకుండా ఉంటుందా, ఎంతమందికి అందుతుంది అన్నవే ఆ ఏడు. దీనిని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం.

కూకట్‌పల్లిలో ఉంటున్న ఒక ఉద్యోగినికి శనివారం సాయంత్రం ఖాళీ దొరికింది. ఒక దారి, 60,000 రూపాయల ఫోనును నెలకు 5,000 చొప్పున 12 వాయిదాల మీద కొనుక్కోవడం. రెండవ దారి, పదవీ విరమణ చేసిన తండ్రిని, ఆయన యౌవనంలో స్నేహితులతో కూర్చున్న చార్మినార్ దగ్గరి ఇరానీ హోటల్‌కు తీసుకువెళ్ళడం. ఫోను విషయంలో సుఖం తీవ్రం, ఖాయం, చేతికందేంత దగ్గర. అయితే కొత్తదనం కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. వాయిదాలు ఏడాది ఉంటాయి కాబట్టి ఐదవ నెలకు వచ్చేసరికి సుఖం గడప దాటి వెళ్ళిపోగా బాధ ఇంట్లో మిగులుతుంది. పైగా ఆ సుఖం ఒకరిదే. తండ్రితో ప్రయాణంలో ట్రాఫిక్ ఉంది, మోకాళ్ళ నొప్పి ఉంది, ఆ హోటల్ ఇప్పటికీ అక్కడే ఉందో లేదో అన్న అనిశ్చితి ఉంది. టీ రుచి మామూలుగానే ఉండవచ్చు. కాని ఇద్దరికి అందుతుంది, ఆయన చెప్పే పాత సంగతులు మరో పది సాయంత్రాలకు దారి తీస్తాయి, వెనుక అప్పు ఉండదు. బెంథామ్ కొలతలతో చూసినా రెండవ దారికే మొగ్గు కనబడుతుంది. అంటే సుఖవాదం తప్పనిసరిగా ఫోను వైపే నిలబడుతుందనుకోవడం పొరపాటు.

అయినా ఈ లెక్కలో ఏదో ఇబ్బంది ఉందని చదువరికి తోచే ఉంటుంది. ఆ కూతురు, నాన్నను తీసుకువెళితే నాకు ఎక్కువ సుఖం మిగులుతుంది అని లెక్క కట్టి బయలుదేరిందని తండ్రికి తెలిస్తే, ఆ సాయంత్రం విలువ మారిపోదా? ఆమె నిజంగా తండ్రిని చూస్తూ కూర్చుంటేనే ఆ సుఖం పుడుతుంది. తన సుఖాన్ని చూసుకుంటూ కూర్చుంటే పుట్టదు. బెంథామ్ శిష్యుని ఇంట పెరిగిన తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్‌కు ఇది సొంత అనుభవం. 1826లో, ఇరవై ఏళ్ళ వయసులో, తాను కోరిన సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే నీకు గొప్ప ఆనందం కలుగుతుందా అని ఆయన తన్ను తాను ప్రశ్నించుకున్నాడు. లేదన్న జవాబు వచ్చింది. ఆ తరువాత చాలాకాలం దిగులులో మునిగిపోయాడు. తమ సంతోషం మీద గాక మరి దేని మీదనో మనసు నిలిపిన వారికే సంతోషం దక్కుతుందన్నది ఆయన చేరుకున్న అభిప్రాయం. 1874లో హెన్రీ సిడ్జ్‌విక్ ఈ చిక్కును సుఖవాదపు వైరుధ్యంగా వివరించాడు. నా దృష్టిలో ఈ చర్చ అంతటికీ ఇదే ఇరుసు. సుఖంలో దోషం వెదికేవారు చాలామంది, నిజానికి దానిని నేరుగా గురిపెట్టి వెళ్ళడంలోని దోషాన్నే చూసి మాట్లాడుతున్నారు.

యయాతి కథకు ప్రయోగశాలలో దొరికిన తోడు

భారతం ఆదిపర్వంలో యయాతి తన కుమారుడు పూరుని యౌవనాన్ని అడిగి తీసుకుని వేయేళ్ళు భోగాలు అనుభవించి, చివరికి, అనుభవించడం వల్ల కోరిక చల్లారదు, హవిస్సు పోసిన అగ్నిలా మరింత పెరుగుతుంది అంటాడు. చార్వాకుల మీద మోపిన నెయ్యి గొంతు దిగే నెయ్యి, యయాతి చెప్పినది నిప్పుల్లో పోసే నెయ్యి. ఈ రెండింటి నడుమ ఉన్న తేడాను మెదడు పరిశోధన ఇప్పుడు కొంత వివరించగలుగుతోంది.

1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే పరిశోధకులు ఎలుకల మెదడులో కొన్ని చోట్ల సన్నని తీగలు అమర్చి, మీట నొక్కితే విద్యుత్తు తగిలేలా ఏర్పాటు చేశారు. ఎలుకలు ఆగకుండా మీట నొక్కాయి. అది సుఖ కేంద్రమని చాలాకాలం అనుకున్నారు. తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ చేసిన పరిశోధనలు ఆ నమ్మకాన్ని సడలించాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేసిన ఎలుకలు తిండి కోసం కదలడమే మానేశాయి. కాని నోట్లో తీపి పెడితే ఇష్టంగా చప్పరించే తీరు మాత్రం మారలేదు. కావాలనిపించడానికీ, రుచించడానికీ మెదడులో దారులు వేరన్న అవగాహన ఇక్కడి నుంచి బలపడింది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్ చేరే దాకా ఫోనులో ఒక చిన్న వీడియో తరువాత మరొకటి వేలితో తోస్తూ వచ్చి, దిగేటప్పుడు ఒక్కటీ గుర్తు లేని ప్రయాణికుడు కోరికను అనుసరించాడే గాని సుఖాన్ని పొందాడని చెప్పడం కష్టం. సుఖాన్ని వెదుకుతున్నాం అనుకుంటూ మనం గడిపే గంటల్లో ఎంత భాగం ఇలా గడుస్తోందన్నది ఎవరికి వారు పరిశీలించుకోదగిన సంగతి.

లాటరీ కథలో మరుగున పడిన భాగం

ఈ విషయం మీద ఎక్కువగా వినిపించే కథ 1978 నాటి ఫిలిప్ బ్రిక్‌మన్ బృందపు అధ్యయనం. లాటరీ గెలిచినవారు, ప్రమాదంలో కాళ్ళు చేతులు చచ్చుబడినవారు కొంతకాలానికి ఒకే స్థాయి సంతోషానికి చేరుకుంటారు కాబట్టి దేని వెంట పడినా ఒకటే అని ఆ కథను ముగిస్తారు. అసలు అధ్యయనం అలా చెప్పలేదు. అందులో ఉన్నది 22 మంది విజేతలు, 29 మంది ప్రమాద బాధితులు మాత్రమే. విజేతలకూ సాధారణ జనానికీ సంతోషంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, రోజువారీ చిన్న పనుల్లో వారికి దొరికే సుఖం మాత్రం తక్కువగా ఉంది. ప్రమాద బాధితులు అనుకున్నంత దుర్భరంగా లేకపోయినా, మిగతావారికంటే తక్కువ సంతోషంతోనే ఉన్నారు. అలవాటు పడటం నిజమే గాని, అన్నింటికీ అంతే తేలికగా అలవాటు పడతామనడం నిజం కాదు. స్వీడన్‌లో చాలా పెద్ద సంఖ్యలో లాటరీ విజేతలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ఇంకో మెలిక చూపింది. పెద్ద మొత్తం గెలిచినవారిలో ఏళ్ళు గడిచినా జీవితం పట్ల సంతృప్తి పెరిగే ఉంది, సంతోషంగా ఉన్నామన్న భావనపై ప్రభావం మాత్రం అంతకంటే బాగా తక్కువ. హలీమ్ గిన్నెలో విడదీసిన సంగతులు ఇక్కడ అంకెల్లో విడిపోయాయి.

యంత్రంలో దొరికే సుఖం చాలునా

సుఖవాదంపై అన్నింటికంటే పేరున్న అభ్యంతరం 1974లో అమెరికా తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ చెప్పిన ఊహ. కోరిన అనుభవాన్నల్లా మెదడుకు అందించే యంత్రం ఉందనుకుందాం. అందులో పడుకుంటే గొప్ప గాయనివైనట్టు, పిల్లలు నిన్ను ప్రేమిస్తున్నట్టు జీవితాంతం అనిపిస్తుంది, అది యంత్రమన్న సంగతి గుర్తుండదు. వెళతావా? చాలామంది వెళ్ళబోమనే అంటారు. అనిపించడంతో సరిపెట్టుకోలేము, నిజంగా చేయాలి, నిజంగా అయి ఉండాలి అన్న కోరిక మనలో ఉందనడానికి నోజిక్ దీనిని చూపాడు. అయితే 2010లో ఫెలిపె డి బ్రిగార్డ్ ప్రశ్నను తిరగేసి, ఇప్పటిదాకా నీవు యంత్రంలోనే ఉన్నావు, బయటకు వస్తావా అని అడిగితే, అక్కడే ఉండిపోతామన్నవారు కూడా చాలామంది తేలారు. మొదటి జవాబులో నిజం మీద ప్రేమ ఎంత, ఉన్నచోటు వదలలేని స్వభావం ఎంత అన్నది కాబట్టి ఇంకా తేలవలసిన విషయమే.

వెదకడంలోనూ తేడా ఉంది

సుఖాన్ని అసలు వెదకనే కూడదా? 2011లో ఐరిస్ మాస్ బృందం ఒక ప్రయోగం చేసింది. సంతోషంగా ఉండటం ఎంత ముఖ్యమో చెప్పే వార్తను కొందరి చేత చదివించి, తరువాత వారికి ఒక సంతోషకరమైన చిత్రభాగాన్ని చూపించారు. ఆ వార్త చదివినవారికి చదవనివారికంటే తక్కువ సంతోషం కలిగింది, ఎందుకంటే వారు తమ మనఃస్థితిని కొలుచుకుని, ఇంతేనా అని నిరాశపడ్డారు. 2014లో లానీ కాటలీనో తదితరులు ప్రచురించిన మరో అధ్యయనం దీనికి పూరకం వంటిది. తమకు ఇష్టమైన పనులకు రోజులో ముందుగా చోటు కేటాయించుకునే అలవాటున్నవారు మెరుగైన మానసిక స్థితిలో ఉన్నట్టు అందులో కనబడింది. ఇది సహసంబంధమే గాని కార్యకారణ సంబంధమని తేలలేదు. అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగకరం. తెల్లవారుజామున కేబీఆర్ పార్కులో నడిచేటప్పుడు నెమలి కనబడితే నిలబడి చూసే ఆమె, అందుకోసమే అరగంట ముందు లేస్తుంది. అది సుఖాన్ని వెదకడమే. కాని నెమలిని చూస్తున్న ఆ క్షణంలో ఆమె చూస్తున్నది నెమలిని.

ఎవరిని మానుకోమంటున్నాం

ఇంతదాకా చెప్పిన అభ్యంతరాలన్నీ, సుఖం అందుబాటులో ఉండి దాని వెంట పడుతున్న మనుషులకు వర్తిస్తాయి. తెల్లవారకముందే అడ్డా మీద పని కోసం నిలబడే కూలీకి, నాలుగిళ్ళలో అంట్లు తోమి ఐదవది తన ఇంట్లో తోముకునే ఆమెకు, సుఖం అశాశ్వతమని చెప్పడంలో ఒక క్రూరత్వం ఉంది. మన కుటుంబాల్లో ఆడవారి సుఖం ఎప్పుడూ వాయిదా పడుతూనే వచ్చింది. పిల్లల పరీక్షలయ్యాక, అత్తగారి ఆపరేషన్ అయ్యాక, పెళ్ళిళ్ళయ్యాక అంటూ జరిగిపోయిన ఆ వాయిదాను త్యాగమని పొగిడినవారెవరూ, వారి మధ్యాహ్నపు నిద్ర ఎవరు తీసుకున్నారని అడగలేదు.

మన సంప్రదాయం సుఖాన్ని పూర్తిగా తోసిపుచ్చిందన్న అభిప్రాయం కూడా సరికాదు. నాలుగు పురుషార్థాల్లో కామం ఒకటి. తైత్తిరీయోపనిషత్తులోని ఆనంద మీమాంస ఒక మానుషానందాన్ని కొలమానంగా నిర్ణయించేటప్పుడు, యౌవనం, మంచితనం, చదువు, దృఢమైన దేహం, సంపదతో నిండిన భూమి, ఇవన్నీ ఉన్న మనిషిని ఊహించమంటుంది. అక్కడి నుంచి వంద రెట్లు, మళ్ళీ వంద రెట్లు అంటూ పైకి వెళ్ళే మెట్లలో, ఆ ఆనందాలు కోరికల దెబ్బ తగలని విద్వాంసునికి కూడా దక్కుతాయని చెబుతుంది. కోరిక తగ్గించుకోమన్న గ్రంథమే ఆరోగ్యాన్నీ సంపదనూ కొలమానంలో చేర్చుకుంది.

ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఈ కోణాన్ని మరింత పదునుగా చూపాడు. ఏళ్ళ తరబడి లేమిలో ఉన్నవారు చిన్న దయకే సంతోషించడం, అందనిదాన్ని కోరకపోవడం నేర్చుకుంటారనీ, కాబట్టి సుఖాన్ని గాని సంతృప్తిని గాని ఒక్కదాన్నే కొలిస్తే వారి లేమి కనబడకుండా పోతుందనీ ఆయన వాదించాడు. ఆయన ఉదాహరించిన 1944 నాటి కలకత్తా సమీపంలోని సర్వేలో, భార్యలను కోల్పోయిన పురుషుల్లో దాదాపు సగం మంది తమ ఆరోగ్యం బాగా లేదన్నారు. భర్తలను కోల్పోయిన స్త్రీలలో అలా చెప్పినవారు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆ కాలపు విధవల బతుకు తెలిసినవారెవరూ వారే ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని నమ్మలేరు. తమ బాధను బాధగా లెక్కించుకునే హక్కు తమకు ఉందని వారికి ఎవరూ చెప్పలేదు.

నిచ్చెన ప్రశ్నకు ఉన్న పరిమితి కూడా ఇదే. నాలుగిళ్ళ పని చేసే ఆమె తానున్నది ఏడవ మెట్టు అని చెబితే సర్వే దాన్ని ఏడుగానే రాసుకుంటుంది. పుట్టింటికి వచ్చిన కూతురు కూడా తల్లి ప్రశ్నకు "బాగానే ఉన్నానమ్మా" అనే అంటుంది. తల్లి ఆ జవాబు విని సరేనంటుంది. తరువాత రెండు రోజులూ కూతురు అన్నం ఎంత తింటోందో, మధ్యాహ్నం ఎంతసేపు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోందో, ఫోను మోగినప్పుడు ముఖం ఎలా మారుతోందో చూస్తూ ఉంటుంది.